పలకరాతి కొండ మీద తెల్ల ద్రాక్ష

మార్కాపురం రాయికి దాయాది లాంటి రాయి ఇటలీలో ఉంది. ఆ కొండల్లో చిన్న రైతులు తీసే తెల్ల వైన్ ధర తక్కువ, పేరు పెద్ద. గిద్దలూరు కొండవాలున మనమూ ద్రాక్ష వేసుకోవచ్చా? వద్దంటే, అక్కడి నుంచి తెచ్చుకోదగినది ఇంకేమైనా ఉందా?

యాభై ఏళ్లు దాటిన తెలుగువాళ్లలో మార్కాపురం పలక పట్టనివాళ్లు అరుదు. చెక్క చట్రం, దానికో బెజ్జం, ఒక పక్క గళ్లు, ఇంకో పక్క నున్నటి నలుపు. పలక పగిలితే ఇంట్లో వీపు పగిలేది. ఆ పలక ఏ నేలలోంచి వచ్చిందో మాత్రం బడిలో చెప్పేవాళ్లు కాదు. ఉమ్మడి ప్రకాశం జిల్లా పడమటి కొసన, నల్లమలకూ వెలికొండలకూ నడుమ ఉన్న మెట్టనేల కింద నుంచి వచ్చింది. మార్కాపురం, కంభం చుట్టుపక్కల చాలాచోట్ల తవ్వితే పొరలు పొరలుగా విడిపోయే రాయి తగులుతుంది. భూగర్భ శాస్త్రవేత్తలు దాన్ని కడప శిలా సమూహంలో లెక్కగట్టి, ఆ పొరలకు కంభం ఊరి పేరే పెట్టారు. వయసు నూరు కోట్ల ఏళ్లకు పైమాటే. నీటి అడుగున పేరుకున్న మెత్తటి బురద, మీద పడ్డ బరువుకూ పక్కల నుంచి వచ్చిన ఒత్తిడికీ గట్టిపడి, ఒకే దిక్కున చీలే గుణం తెచ్చుకుంది. ఉలి మొనను సరైన చోట ఆనించి సుత్తితో మెల్లగా తడితే పుస్తకంలో పేజీలా విడివడుతుంది. గట్టిగా కొడితే ముక్కలవుతుంది. ఆ 'మెల్లగా' ఎంతో తెలియడానికి కుర్రవాడికి ఏళ్లు పడుతుంది.

ఇలాంటి రాయి లోకంలో చాలాచోట్ల ఉంది. వేల్స్‌లో ఇళ్ల కప్పులన్నీ అదే. జర్మనీలో మోజెల్ నది గట్ల నిండా అదే. స్పెయిన్‌లో ప్రియొరాట్ కొండలూ అదే. మోజెల్, ప్రియొరాట్ రెండూ పేరుమోసిన ద్రాక్ష సీమలు. కానీ మన కథకు బాగా దగ్గరగా ఉండేది ఇటలీలో లిగూరియా. ఎందుకంటే అక్కడ పలకా ఉంది, ద్రాక్షా ఉంది, మన పడమటి ప్రకాశంలా కూలి కోసం ఊరు విడిచిపోయిన జనమూ ఉన్నారు.

లవాన్యా పలక

ఇటలీ పటంలో పైభాగాన, ఫ్రాన్స్ సరిహద్దు నుంచి టస్కనీ దాకా సముద్రం వెంట విల్లులా వంగిన సన్నటి పట్టీ లిగూరియా. నడిమధ్య జెనోవా రేవు. కొండలు తిన్నగా సముద్రంలోకి దిగిపోతాయి, చదును నేల చేటెడు కనపడదు. జెనోవాకు తూర్పున తీరంలో లవాన్యా అనే చిన్న ఊరు. శతాబ్దాల తరబడి దాని వెనక కొండల్లో పలకరాయి తవ్వారు. మన రాయితో పోలిస్తే ఇది పసిగుడ్డు. వయసు ఏడెనిమిది కోట్ల ఏళ్లే. జెనోవా పాత ఇళ్ల కప్పులు ఆ రాయే, ఇటలీ బళ్లలో నల్లబల్లలు ఆ రాయే. కొండ వెనక ఫొంతనబ్వోన లోయలో తీసిన పలకలు బిలియర్డ్స్ బల్లల కింద పరవడానికి దేశదేశాలకు పోతాయి. ఆకుపచ్చ గుడ్డ కింద ఉంటుంది కాబట్టి ఆడేవాడికి కనపడదు.

లవాన్యా పక్కనే కొగోర్నో. దాని పైన సాన్ జాకొమో కొండ. ఆ కొండ గనుల నుంచి రేవు దాకా పలకలు మోసింది ఆడవాళ్లు. నెత్తిన చుట్టకుదురు, దాని మీద రాతి పలకల దొంతర, నిటారుగా దిగే బాట. రేవులో దించి మళ్లీ కొండెక్కేవాళ్లు. తరాల తరబడి ఆ మోతే వాళ్ల బతుకు. మగవాళ్లు గనిలో, ఆడవాళ్లు బాటలో, మిగిలిన పొద్దు ద్రాక్ష గట్ల మీద. పలకా ద్రాక్షా వేర్వేరు కులవృత్తులు కావక్కడ, ఒకే ఇంటి రెండు పనులు. రాయి కొనేవాడు లేని ఏడు ద్రాక్ష ఆదుకుంది, తెగులు తగిలిన ఏడు రాయి ఆదుకుంది.

గోడ నిలిస్తేనే తోట

ఆ వాలు మీద అరక పోదు, ట్రాక్టరు మాట సరేసరి. అందుకని రైతులు వందల ఏళ్లపాటు కొండను మెట్లుగా కోసుకుంటూ వచ్చారు. మట్టీ సున్నం లేకుండా రాయి మీద రాయి పేర్చి గోడ లేపడం, దాని వెనక గంపలతో మట్టి పోయడం, వచ్చిన నాలుగు గజాల వెడల్పులో తీగ నాటడం. చూడ్డానికి మోటుగా ఉంటుంది గానీ ఆ గోడ కట్టడం విద్య. పెద్దరాళ్లు కింద, వెనక వైపు చిల్లరరాళ్లు, గోడ కాస్త కొండ మీదికి వాలి ఉండాలి. సందుల్లోంచి వాననీరు మెల్లగా జారిపోతుంది కాబట్టే గోడ నిలుస్తుంది. నీరు పోయే దారి లేకుండా సిమెంటు పూస్తే వెనక మట్టి తడిసి ఉబ్బి, గోడను ముందుకు తోసేస్తుంది. 2018లో యునెస్కో ఈ విద్యను ఇటలీతో కలిపి ఎనిమిది యూరప్ దేశాల ఉమ్మడి వారసత్వంగా గుర్తించింది.

లవాన్యాకు ఇంకా తూర్పున చింక్వె తెర్రె అనే ఐదు ఊళ్ల సముదాయం ఉంది. మొంతెరోస్సో, వెర్నాజ్జా, కొర్నీల్యా, మనరోలా, రియొమజ్జోరె. కొండగోడకు అతికించినట్టుండే రంగురంగుల ఇళ్ల ఫొటోలు మీరు చూసే ఉంటారు, ట్రావెల్ ఏజెంట్ల క్యాలెండర్లలో. ఆ ఇళ్ల పైన కనిపించే గీతలన్నీ ద్రాక్ష గట్లే. 1997లో ఆ తీరం ప్రపంచ వారసత్వ జాబితాకెక్కింది, 1999లో జాతీయ ఉద్యానమైంది. అక్కడ కోత సెప్టెంబరులో. తీగలు నడుము ఎత్తు పందిళ్ల మీద పాకి ఉంటాయి కాబట్టి కోసేవాళ్లు వంగి, కొన్నిచోట్ల దాదాపు కూర్చుని కోయాలి. నిండిన పెట్టెలను కొండ మీదికి చేర్చడానికి ఒంటిపట్టా బండి ఉంటుంది. పళ్లచక్రం సాయంతో పట్టాను కరుచుకుని, చిన్న ఇంజను దడదడలాడుతుండగా, గోడ ఎక్కుతున్న బల్లిలా పాకుతుంది. అంతకుముందు అదంతా భుజాల మోతే.

అక్కడి తెల్ల వైన్‌లో ప్రధాన రకం బోస్కో. అల్బరోలా, వెర్మెంటీనో దానికి తోడు. లవాన్యా, దాని పక్క ఊరు క్యావరి వెనక లోయల్లో మాత్రం బియాంకెట్టా జెనొవేజె అనే రకం ఉంది. పెద్ద పేరు లేనిది, పక్క రాష్ట్రంలో అడిగినా చాలామందికి తెలియనిది, ఈ ముఖచిత్ర కథనానికి అసలు నాయిక అదే. గుత్తులు తెచ్చి పిండి, రసాన్ని స్టీలు ట్యాంకుల్లో చల్లగా పులియనిస్తారు. చెక్క పీపాల ఆడంబరం లేదు. చలికాలం దాటాక సీసాకెత్తుతారు. ఏడాది రెండేళ్లలో తాగేయాలి, అటక మీద దాచుకునే సరుకు కాదు. లేత ఎండుగడ్డి రంగు, నిమ్మతొక్క వాసన, నాలుక చివర కాస్త ఉప్పన, మింగాక కొద్దిగా చేదు. ఆల్కహాలు పదకొండు, పన్నెండు శాతం. ఆ ఊళ్లో సీసా ధర మామూలుగా పది, పదిహేను యూరోల మధ్య. కూలి చేసుకునే కుటుంబం కూడా ఆదివారం భోజనంలోకి కొనుక్కోగల ధర. సముద్రం పక్కన ఉప్పుచేపతో, తులసి జాతి ఆకు నూరి చేసే పచ్చడి పట్టించిన పాస్తాతో తాగుతారు. మన గుంటూరు మిరపకాయ ముందు మాత్రం దాని ఆటలు సాగవు. కొర్రమీను పులుసు పక్కన పెట్టి ఆ సీసాను అవమానించకండి. ఉప్పూ నిమ్మరసం పట్టించి వేయించిన చేప ముక్కయితే సరిపోతుంది.

అక్కడ చౌక, ఇక్కడికొస్తే కాదు. దిగుమతి వైన్ మీద మన దేశం చాలాకాలంగా 150 శాతం సుంకం వేస్తూ వచ్చింది. దానిపైన రాష్ట్రాల పన్నులు, నడుమ దళారుల లాభం. బియాంకెట్టా లాంటి చిన్న సరుకును అంత ఖర్చు పెట్టి ఓడెక్కించేవాళ్లు తక్కువ. కాబట్టి ఒంగోలులోనో కర్నూలులోనో వైన్స్ షాపులో అడిగి లేదనిపించుకోకండి.

పేరు ఎవరిది

1963లో ఇటలీ ఒక చట్టం తెచ్చింది. ఏ సీమలో పండిన ద్రాక్షతో చేశారో ఆ సీమ పేరు సీసా మీద వేసుకోవాలంటే కొన్ని కట్టుబాట్లు పాటించాలి. ఏ రకం తీగ, ఏ ఊళ్ల హద్దుల్లో, ఎకరానికి ఎంత దిగుబడికి మించకూడదు, అన్నీ రాతపూర్వకం. 1973లో చింక్వె తెర్రె పేరుకు ఆ రక్షణ వచ్చింది. అందులో బోస్కో నూటికి నలభై పాళ్లు తగ్గకూడదు. లవాన్యా, క్యావరి ఉన్న తిగుల్లియో తీరానికి 1997లో వచ్చింది, బియాంకెట్టాకు అందులో విడిగా చోటు దక్కింది. అంతకుముందు ఆ కొండ ద్రాక్షను పెద్ద వ్యాపారులు కొని, ఏదో ఒక తెల్ల వైన్‌లో కలిపేస్తే అడిగే దిక్కు లేదు. ఇప్పుడు కొండ పేరు వాడాలంటే కొండ రైతు దగ్గరికే రావాలి.

అదే 1973లో చింక్వె తెర్రె రైతులు సహకార సంఘం పెట్టుకున్నారు. మనరోలా పైన గ్రొప్పో అనే పల్లెలో వాళ్ల ఉమ్మడి వైన్ కర్మాగారం ఉంది. ఒక్కో సభ్యుడి తోట అంతంతమాత్రం. మన లెక్కలో కొందరిది పది సెంట్లు, ఇరవై సెంట్లు. అంత తోటకు సొంతంగా ట్యాంకు, యంత్రం, సీసాలు కొనడం కలలో మాట. అందరూ పెట్టెలు తెచ్చి తూకం వేయించి, చక్కెర శాతం చూపించుకుని వెళతారు. మిగతాది సంఘం చూసుకుంటుంది. సహకార సంఘం అనగానే మనకు గుర్తొచ్చేవి తాళం వేసిన గోదాములూ, బకాయిల నోటీసులూ కాబట్టి ఇది నమ్మబుద్ధి కాదు. కానీ నడుస్తోంది.

అలాగని అక్కడ అంతా బాగుందనుకుంటే పొరపాటు. 1869లో దగ్గర్లోని లా స్పెజియాలో నౌకాదళ కర్మాగారం తెరిచారు, 1874లో జెనోవా నుంచి రైలు దారి పూర్తయింది. నెల జీతం రుచి చూసిన మగవాళ్లు గట్లు వదిలేశారు. ఆ తర్వాత పర్యాటకులొచ్చారు, గట్టు మీద రోజంతా వంగే కన్నా గది అద్దెకిస్తే ఎక్కువ వస్తోంది. ఒకప్పటి తోటల్లో ఇప్పుడు సాగయ్యేది చిన్న ముక్కే. దిక్కులేని గోడ ఒకచోట జారితే కింద గోడ మీద పడుతుంది. 2011 అక్టోబరు 25న కొన్ని గంటల కుండపోతకు కొండచరియలు విరిగి వెర్నాజ్జా, మొంతెరోస్సో వీధుల్లో మొదటి అంతస్తు దాకా బురద నిండింది, ప్రాణాలు పోయాయి. అంత వానకు మంచి గోడలూ ఆగవేమో గానీ, పాడుపడ్డ గట్లు ఆపదను పెంచాయన్నది అక్కడివాళ్ల అనుభవం. అందుకే ఇప్పుడు జాతీయ ఉద్యానం వాళ్లు గోడ కట్టడం నేర్పిస్తున్నారు.

రాయి రుచి రసంలోకి వస్తుందా

వైన్ గురించి రాసేవాళ్లు ఈ సీసాలో తడిసిన పలకరాయి వాసన వస్తుందంటారు. చదవడానికి బాగుంటుంది. వేల్స్‌లోని ఎబరిస్ట్విత్ విశ్వవిద్యాలయంలో భూగర్భ శాస్త్రం బోధించిన అలెక్స్ మాల్ట్‌మన్ 2018లో ద్రాక్షతోటలు, రాళ్లు, నేలల మీద ఒక పుస్తకమే రాసి ఈ గాలి తీసేశారు. ఆయన చెప్పేది సూటిగా ఉంటుంది. రాయిలోని ఖనిజం నీటిలో కరగదు. వేరు పీల్చేది నీటిలో కరిగిన పోషకాలను, అదీ అతి కొద్దిగా, వాటికి రుచి ఉండదు. రాయి చేసే పని వేరు. నీటిని నిలవనీయదు, వేరును లోతుకు పంపిస్తుంది, ఎండ వేడిని పట్టుకుంటుంది.

నాకు ఆయన మాటే నిజమనిపిస్తుంది. పైగా మనకు పనికొచ్చే కిటుకు ఇక్కడే ఉంది. మోజెల్ చలి దేశం. అక్కడ నల్లరాయి పగలు వేడెక్కి రాత్రి ఆ వేడిని తీగకు వదిలితే కాయ పండుతుంది, రాయి అక్కడ కుంపటి. అదే రాయి గిద్దలూరులో మే నెలలో ఏం చేస్తుంది? పగలు నలభై మూడు డిగ్రీలు తాగి, రాత్రి పన్నెండైనా చల్లబడదు. మంచి తెల్ల వైన్‌కు కావలసింది పులుపు. ఆ పులుపు కాయలో నిలవాలంటే రాత్రి చల్లగా ఉండాలి. రాత్రి ఉక్కపోస్తే పులుపు కాయలోనే ఖర్చయిపోయి చక్కెర మిగులుతుంది. తినడానికి అది వరం, వైన్‌కు శాపం. లవాన్యా దాదాపు 44 డిగ్రీల ఉత్తర అక్షాంశం మీద ఉంది. మార్కాపురం 16 డిగ్రీలకు కాస్త దిగువన. ఒకే జాతి రాయి, రెండు చోట్ల రెండు పనులు.

మరి మన ద్రాక్ష

వేడి దేశంలో ద్రాక్ష పండదని కాదు. 1890 ప్రాంతంలో హైదరాబాదులో అబ్దుల్ బాఖర్ ఖాన్ నాటిన అనాబేషాహి దక్కన్ అంతా పాకింది. పొడుగాటి, లేత పసుపుపచ్చ కాయ. ఒకప్పుడు హైదరాబాదు చుట్టూ పందిళ్లే పందిళ్లు, ఇప్పుడు అక్కడ విల్లాలు పండుతున్నాయి. అది తినే ద్రాక్ష, వైన్ ద్రాక్ష కాదు. వైన్ ద్రాక్షను మన దేశంలో నిలబెట్టింది నాసిక్, బెంగళూరు పక్కన నందికొండల కింది నేలలు. తెలుగు గట్టిగా వినిపించే చిక్కబళ్లాపురం వైపు రైతులు బెంగళూరు బ్లూ పండిస్తారు. నాసిక్ సముద్ర మట్టానికి సుమారు ఆరు వందల మీటర్ల ఎత్తున ఉంది, బెంగళూరు తొమ్మిది వందలు. మార్కాపురం రెండు వందలు కూడా లేదు. రాత్రి చల్లదనం ఆ ఎత్తుకే దొరుకుతుంది.

ఇంకో చిక్కు ఉంది. ఇటలీలో తీగ చలికాలంలో ఆకు రాల్చి నిద్రపోతుంది. మన దగ్గర దానికి నిద్ర లేదు. అందుకని రైతు కత్తెరతో నిద్రపుచ్చాలి, కత్తెరతోనే లేపాలి. ఏప్రిల్లో ఒక కత్తిరింపు, అది కొమ్మ కోసం. అక్టోబరు ప్రాంతంలో ఇంకొకటి, అది కాయ కోసం. కోత ఫిబ్రవరి, మార్చిలో. అక్టోబరు కత్తిరింపు తర్వాత వచ్చే లేత చిగురు మీద ఈశాన్య రుతుపవనం వాన పడితే బూజు తెగులు. నాసిక్‌లో అక్టోబరుకు వాన వెనక్కి తగ్గుతుంది. మన జిల్లాకు అప్పుడే బంగాళాఖాతం వాయుగుండాలు బయల్దేరతాయి. పందిరికి రాతి కూసాలు, తీగలు, డ్రిప్పు, మందులు, మొదటి కాపు దాకా ఎదురుచూపు. ఇదంతా బోరు నీటి మీద. పడమటి ప్రకాశంలో బోరు ఎన్ని అడుగులకు పోతోందో, అందులో ఎన్ని ఎండిపోతున్నాయో రైతును అడగండి. వచ్చిన నీటిలోనూ ఫ్లోరైడ్. బత్తాయి తోటలు ఎండి, చెట్లు నరికి వంటచెరకు చేసిన ఊళ్లు ఇక్కడ ఉన్నాయి. వాళ్లకు ద్రాక్ష వేయమని చెప్పడానికి ఎవరికీ నోరు రాకూడదు.

ఈ సీమలో ద్రాక్షరసానికి శాశ్వత చోటు ఒకటే. ఒంగోలు నుంచి వచ్చిన అమెరికన్ బాప్టిస్టు మిషన్ పందొమ్మిదో శతాబ్దం చివర్న కంభం, మార్కాపురం వైపు పల్లెల్లో సంఘాలు కట్టింది. వాళ్ల ప్రభువు భోజనంలో చిన్న గ్లాసుడు ద్రాక్షరసం ఇస్తారు. బాప్టిస్టుల ఆనవాయితీ పులియని రసమే. నల్లమలలో చెంచుల ఇప్పపూల సారా సంగతి వేరు. అదీ కొండవాలు సరుకే, అదీ చౌకే. ఏ చెట్టు పువ్వుకు ఏ వాసనో చెప్పగల మనుషులు వాళ్ల గూడేల్లో (పెంటల్లో) ఉన్నారు. అయినా మన లోకంలో దాన్ని రుచిగా ఎవరూ చూడలేదు. మైకంగా, నేరంగానే చూశారు. దానికి కారణమూ ఉంది. పక్కనే నెల్లూరు జిల్లా దూబగుంటలో ఆడవాళ్లు సారా మీద తిరగబడిన 1992 మనకు దూరమేమీ కాదు. 1993లో సారా పోయింది, 1995లో పూర్తి నిషేధం వచ్చింది, 1997లో సడలింది. 2024లో తొంభై తొమ్మిది రూపాయలకు క్వార్టరు సీసా విధానం వచ్చింది. తాగుడు కొంపలు కూల్చిన చోట వైన్ గురించి ముద్దుగా రాయడం నాకూ ఇబ్బందే. అందుకే ఈ కథనంలో సీసా కన్నా దాని మీద అంటించిన కాగితం ముఖ్యం.

పలక పేరు

కర్నూలు జిల్లాలో ఉన్నప్పుడు మార్కాపురం, గిద్దలూరు తూర్పు కొస. 1970లో ఒంగోలు జిల్లా ఏర్పడి అందులో కలిశాక పడమటి కొస. అన్నేళ్లూ కొసే. వెలిగొండ సాగునీటి ప్రాజెక్టుకు గొట్టిపడియ దగ్గర 1996లో శంకుస్థాపన జరిగితే, శ్రీశైలం జలాలు తెచ్చే జంట సొరంగాల తవ్వకం ముగియడానికే 2024 దాకా పట్టింది. అంతకాలం ఆ పొలాల మనుషులు హైదరాబాదులోనూ బెంగళూరులోనూ కట్టడాల దగ్గర, గుంటూరు మిరప చేలల్లో ఉన్నారు. లా స్పెజియాకు పోయిన లిగూరియా మగవాళ్లకు నెల జీతమైనా దొరికింది.

ఈ ఎండకు తట్టుకుని ఇక్కడ మిగిలిన పని రాయి. పలకల ఫ్యాక్టరీ చూడనివాళ్ల కోసం చెబుతాను. క్వారీ నుంచి దిమ్మ వస్తుంది. ఉలితో చీలుస్తారు. చీలిన పలకను యంత్రం మీద కొలతకు కోస్తారు, నున్న చేస్తారు, చట్రం బిగిస్తారు, గళ్లు వేస్తారు. నోటుపుస్తకాలూ ప్లాస్టిక్ పలకలూ వచ్చి రాతపలకను తొక్కేశాక, ఊరు డిజైన్ పలకల వైపు మళ్లింది. నలుపు, బూడిద, ఆకుపచ్చ, తుప్పు రంగు చారలున్న రాయి గోడలకూ నేలలకూ అతికించడానికి విదేశాలకు పోతోంది. కోసే దగ్గర లేచే పొడి తెల్లగా కనురెప్పల మీద వాలుతుంది. కనపడే పొడితో అంత ప్రమాదం లేదు, కనపడని సన్నపొడి ఊపిరితిత్తుల అడుగుకు చేరుతుంది. అందులోని సిలికా అక్కడ మచ్చ కట్టి, ఊపిరిని ఏళ్ల తరబడి కొంచెం కొంచెంగా మూసేస్తుంది. సిలికోసిస్‌కు మందు లేదు. నివారణ మాత్రం చాలా తేలిక. తడిపి కోయడం, పొడి లాగే గొట్టం, మంచి మాస్కు. ఇవి యజమాని ఖర్చులు, కార్మికుడి ఖర్చులు కావు.

ఇంకో మచ్చ కూడా చెప్పుకోవాలి. 1987 జాతీయ విధానం తర్వాత బాలకార్మికుల కోసం దేశంలో మొదట ప్రాజెక్టులు పెట్టిన కొద్దిచోట్లలో మార్కాపురం ఒకటి. శివకాశి అగ్గిపెట్టెలు, ఫిరోజాబాద్ గాజు, మార్కాపురం పలక. దేశంలో ఎందరో పిల్లలు అక్షరాలు దిద్దే పలకను బడికి పోని పిల్లలు తయారు చేశారు.

ఇంత చెమటా ఇంత దగ్గూ పెట్టిన రాయి ఓడెక్కాక దాని పేరు మారిపోతుంది. మిలాన్‌లోనో మెల్బోర్న్‌లోనో గోడకు అతికించేవాడికి అది 'ఇండియన్ స్లేట్', మహా అయితే ఒక రంగు పేరు. రాతపలక రోజుల్లో కనీసం 'మార్కాపురం పలక' అనేవాళ్లు. తినే వస్తువైతేనే ఊరి పేరు అమ్ముడుపోతుందని కాదు. లవాన్యా రాయి కూడా దాని ఊరి పేరుతోనే బతికింది. మన దగ్గరే 2017లో బనగానపల్లె మామిడికి, 2019లో అరకు కాఫీకి భౌగోళిక గుర్తింపు వచ్చింది. అరకు కాఫీ 2017లో పారిస్‌లో సొంత దుకాణమే తెరిచింది. కొండవాలున కాస్త కాస్త భూమి ఉన్న గిరిజన రైతులు అందరూ కలిసి, ఒకే పేరు కింద, ఒకే నాణ్యతకు కట్టుబడి అమ్మితే ఏమవుతుందో చూడాలంటే ఇటలీ దాకా పోనక్కర్లేదు. గుర్తింపు పత్రం ఒక్కటే అన్నం పెట్టదు. అరకులో పత్రానికి ముందు పండును ఎర్రబడ్డాకే కోయించే క్రమశిక్షణ వచ్చింది.

ఇంకొకటి కూడా లిగూరియా నుంచి తెచ్చుకోవచ్చు, దానికి సుంకం లేదు. అది రాతి గట్టు. నల్లమల వాలున పడే వానకు మట్టి కొట్టుకుపోయి గుండ్లకమ్మలో పడుతోంది. ఆ గుండ్లకమ్మకు రెండు కొండల నడుమ కట్ట వేసి విజయనగర కాలంలో కంభం చెరువు కట్టారు. 2020లో అంతర్జాతీయ సాగునీటి సంస్థ దాన్ని వారసత్వ కట్టడంగా గుర్తించింది. గౌరవం బాగానే ఉంది, పూడిక మాట కూడా చూడాలి. కొండపాదాల మెట్టచేలల్లో రాళ్లకు కొదవా? క్వారీల పక్కన పనికిరాని పలక ముక్కలు గుట్టలుగా పడి ఉన్నాయి. వాలుకు అడ్డంగా వాటిని పేర్చి గట్టు వేస్తే మట్టి ఆగుతుంది, నీరు ఇంకుతుంది, కంది చేను ఇంకొన్నాళ్లు పచ్చగా ఉంటుంది. ఉపాధి హామీ పనుల్లో రాతి కట్టలు కొత్త కావు. కట్టే చేయి, కొలిచే కన్ను సరిగ్గా ఉండటమే కొరత.

ద్రాక్ష సంగతికి నా తీర్పు ఇది. గిద్దలూరులో వైన్ తోట వద్దు. నీళ్లొచ్చాకా వద్దు. ఆ నీరు ముందు తాగడానికి, తర్వాత కందికీ శనగకూ బత్తాయికీ పోవాలి.

మార్కాపురం పలకల వ్యాపారులకు ఒక్క విన్నపం. మీ పెట్టెల మీద రంగు పేరు, కొలతల పక్కన ఊరి పేరు అచ్చు వేయించండి, పలక వెనక చిన్న ముద్ర కొట్టించండి. కోత యంత్రం దగ్గర నీటి గొట్టం పెట్టించండి. ఈ రెండింటికీ అయ్యే ఖర్చు ఒక కంటైనరు మీద మీరు బేరంలో తగ్గించే సొమ్ము ముందు పెద్దదేమీ కాదు.